సైట్‌లో ఉన్నది సైట్‌లోనే దొరకాలంటే: నల్గొండ, పాలమూరు వాళ్లకు పనికొచ్చే సెర్చ్ పద్ధతి

అంగన్‌వాడీ పోస్టుల ప్రకటన కోసం జిల్లా వెబ్‌సైట్ తెరిచినవాళ్లు, ప్రభుత్వ భూరికార్డుల సైటు భూభారతిలో సర్వే నంబరు చూసుకునే రైతులు, పిల్లలమర్రి మీద ప్రాజెక్టు రాయాల్సిన బడిపిల్లలు, అందరూ చేసే పని ఒకటే. భూతద్దం గుర్తు నొక్కుతారు, మనసులో ఉన్న ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు టైప్ చేస్తారు, ‘ఫలితాలు లేవు’ అని రాగానే ఫోన్ పక్కన పెట్టేస్తారు. మర్నాడు పని మానుకుని బస్సెక్కి కలెక్టరేట్‌కు పోతారు. వాళ్లు వెతికింది చాలాసార్లు ఆ సైట్‌లోనే ఉంటుంది. వీళ్లు టైప్ చేసిన మాట, అక్కడ రాసి ఉన్న మాట ఒకటి కాకపోవడమే చిక్కు.

గూగుల్ లాంటివి మన తప్పుల్ని సర్దుకుని, మనం అడగబోయేది కొంత ఊహించి చూపిస్తాయి. ఒక సైటు లోపల ఉండే సెర్చ్ బాక్సుకు సాధారణంగా అంత తెలివి ఉండదు. మీరిచ్చిన అక్షరాలు తన పేజీల్లో ఉన్నాయా లేవా అని పోల్చి చూస్తుంది, అంతే. కాబట్టి టైప్ చేసే ముందు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ‘నాకేం కావాలి’ అన్నది కాదు. ‘ఈ పేజీ రాసినవాళ్లు ఏ మాట రాసి ఉంటారు’ అన్నది. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క ప్రశ్నకు జవాబు పట్టుకునే దారులే. మన ఊళ్ల పేర్లకు, మన మాటలకు ఈ చిక్కు మరీ ఎక్కువ, అందుకే ఉదాహరణలన్నీ మన దగ్గరివే తీసుకున్నాను.

ముందు ఏ పెట్టెలో టైప్ చేస్తున్నారో చూసుకోండి

ఫోన్‌లో వెతకడానికి మూడు చోట్లుంటాయి, మూడూ వేర్వేరు పనులు చేస్తాయి. పైన అడ్రస్ ఉండే చోట టైప్ చేస్తే ఇంటర్నెట్ మొత్తం వెతుకుతుంది. సైటు పేజీలో ఉన్న భూతద్దం దగ్గర టైప్ చేస్తే ఆ ఒక్క సైటునే వెతుకుతుంది. ఇప్పుడు మీ ముందు తెరిచి ఉన్న ఒక్క పేజీలో మాత్రమే వెతకాలంటే దానికి వేరే దారి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్ క్రోమ్‌లో కుడిపక్క పైన మూడు చుక్కలు నొక్కి ‘పేజీలో కనుగొనండి’ ఎంచుకోవాలి. ఐఫోన్ సఫారీలో షేర్ గుర్తు నొక్కితే ఆ జాబితాలో కనిపిస్తుంది. కంప్యూటర్‌లో అయితే కంట్రోల్, ఎఫ్ మీటలు కలిపి నొక్కితే సరి.

ఈ మూడోదాన్ని వాడేవాళ్లు చాలా తక్కువ. ఎక్కువ టైమ్ మిగిల్చేది మాత్రం ఇదే. ఐదొందల పేర్లున్న సెలక్షన్ లిస్టు తెరిచి, వేలితో పైకి తోసుకుంటూ ఒక్కో పేరూ చదివేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. హాల్ టికెట్ నంబరు కొడితే మూడు సెకన్ల పని అది. ఒక్క జాగ్రత్త తీసుకోండి. పట్టిక కింద 1, 2, 3 అని పేజీల నంబర్లుంటే, ఈ పద్ధతి కళ్లముందున్న పేజీనే చూస్తుంది, మిగతావాటిని చూడదు. ‘ఒక పేజీకి ఎన్ని వరసలు’ అని అడిగే చిన్న పెట్టె ఉంటే ముందు అందులో పెద్ద సంఖ్య ఎంచుకుని ఆ తర్వాత వెతకండి.

ప్రశ్న తీసేసి మాట మిగల్చండి

‘నల్గొండ జిల్లాలో అంగన్‌వాడీ టీచర్ పోస్టులు ఎప్పుడు పడతాయి’ అని కొడితే, చాలా సైట్లు ఆ మాటలన్నీ ఉన్న పేజీ కోసం చూస్తాయి. అలాంటి పేజీ ఎక్కడా ఉండదు. నల్గొండ జిల్లా వెబ్‌సైట్‌లోనే ఉన్నారు కాబట్టి జిల్లా పేరు అక్కర్లేదు. ఎప్పుడు, ఎలా, ఎక్కడ, కావాలి వంటివి ఎలాగూ అక్కర్లేదు. ‘అంగన్‌వాడీ’ అని ఒక్క మాట కొట్టండి. ఫలితాలు మరీ ఎక్కువ వస్తే అప్పుడు రెండో మాట చేర్చండి. తక్కువతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడమే పద్ధతి.

తెలుగులో ఇంకో సంగతి ఉంది. మన మాటలకు వెనక లో, కు, నుంచి, గారి వంటివి అతుక్కుపోతాయి. ‘మిర్యాలగూడలో’ అని వెతికితే ‘మిర్యాలగూడ’ అని మాత్రమే రాసిన పేజీని కొన్ని సైట్లు చూపించవు. అందుకే తోకలు కోసేసి అసలు మాట ఒక్కటే ఇవ్వాలి. తెలుగు వికీపీడియాలో అయితే మాట చివర నక్షత్రం గుర్తు పెట్టండి. ‘మిర్యాలగూడ*’ అంటే మిర్యాలగూడలో, మిర్యాలగూడకు, మిర్యాలగూడెం అన్నీ వస్తాయి.

కొన్ని మాటలు బహువచనంలో రూపమే మార్చుకుంటాయి. ఇల్లు అన్న మాటే చూడండి. ప్రభుత్వ పథకం పేరు మన దగ్గర ‘ఇందిరమ్మ ఇండ్లు’ అని రాస్తారు. కొన్ని పత్రికలు, సైట్లు ‘ఇందిరమ్మ ఇళ్లు’ అని రాస్తాయి. ఒకచోట ‘ఇంటి నిర్మాణం’ అని ఉంటుంది. ఏది కొట్టాలా అని టెన్షన్ పడనక్కర్లేదు. మారే మాటను వదిలేసి, మారని ‘ఇందిరమ్మ’ను పట్టుకోండి. గుడి, గుళ్లు, గుడులు ఉన్నచోట కూడా అంతే, ఆ దేవుడి పేరో ఊరి పేరో ఇస్తే చాలు.

ఊరి పేరు ఎన్ని రకాలుగా రాస్తారో తెలుసుకోండి

మన జిల్లాల వాళ్ల సెర్చ్ ఎక్కువగా తప్పిపోయేది ఇక్కడే. నల్గొండ అని కొందరు, నల్లగొండ అని కొందరు రాస్తారు. రెండూ ఒకే ఊరని మనకు తెలుసు, సెర్చ్ బాక్సుకు తెలియాలని లేదు. ఒకటి కొట్టి రాకపోతే రెండోది తప్పకుండా కొట్టి చూడండి.

మహబూబ్‌నగర్ దగ్గర ఇంకా లోతైన చిక్కు ఉంది. తెలుగులో ‘మహబూబ్’ తర్వాత ‘నగర్’ టైప్ చేస్తే, పొల్లు బ కింద న వత్తు చేరిపోయి ‘మహబూబ్నగర్’ అయిపోతుంది. అలా కలవకుండా ఉండడానికి కీబోర్డు మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడుతుంది. కొందరు ఆ గుర్తు బదులు ఖాళీ వదిలి ‘మహబూబ్ నగర్’ అని రాస్తారు. మనకు మూడూ ఒకటే. అక్షరాలు పోల్చే సైటుకు మూడూ మూడు మాటలు కావచ్చు. నాగర్‌కర్నూల్, అంగన్‌వాడీ, నోటిఫికేషన్‌లు, ఇలా మధ్యలో పొల్లు ఉన్న ప్రతి మాటకూ ఈ సమస్య ఉంటుంది.

దీనికి మంచి ఉపాయం ఒకటుంది. ఆ సైటు తెరవగానే పైనో, మెనూలోనో మీ ఊరి పేరు వాళ్లే రాసి ఉంటారు. దాని మీద వేలు నొక్కిపట్టి కాపీ చేసి, సెర్చ్ బాక్సులో పేస్ట్ చేయండి. వాళ్లు రాసిన పద్ధతిలోనే, కనిపించని గుర్తుతో సహా వచ్చేస్తుంది. టైప్ చేయడం కంటే ఇది ఖాయమైన దారి.

‘మహబూబ’ వరకే కొట్టి నక్షత్రం పెడితే సరిపోదా అనిపించవచ్చు. పెట్టొచ్చు, కానీ వరంగల్ వైపున్న మహబూబాబాద్ జిల్లా కూడా వచ్చి కలుస్తుంది. అలాగే ‘కర్నూల్’ ఒక్కటే కొడితే నాగర్‌కర్నూల్‌తో పాటు ఆంధ్రప్రదేశ్ కర్నూలు సంగతులన్నీ వచ్చిపడతాయి. మహబూబ్‌నగర్‌కు పాలమూరు అన్న పాత పేరు మనసుకు దగ్గరిదే. యూనివర్సిటీ, ఎత్తిపోతల పథకం ఆ పేరుతోనే ఉన్నాయి కాబట్టి వాటి కోసం వెతికేటప్పుడు పాలమూరు అనే కొట్టాలి. ఆఫీసు కాగితాల కోసం అయితే మహబూబ్‌నగర్ అనే కొట్టాలి.

ఇంగ్లీషు స్పెల్లింగుల్లో కూడా ఇదే తంతు. మహబూబ్‌నగర్‌ను ఇంగ్లీషులో హెచ్ తర్వాత ఎ పెట్టి రాసేవాళ్లున్నారు, పెట్టకుండా రాసేవాళ్లున్నారు. జిల్లా వెబ్‌సైట్ అడ్రస్‌లో ఆ ఎ ఉంది. పాత పుస్తకాల్లో, పాత రికార్డుల్లో ఎక్కువగా ఉండదు. వనపర్తిని డబ్ల్యూతో రాస్తారు, వితో మొదలుపెట్టి వెతికితే దొరకదు. నాగర్‌కర్నూల్‌ను ఇంగ్లీషులో ఒకే మాటగానూ, రెండు మాటలుగానూ రాస్తున్నారు.

మీ మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉంది?

2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చాయి. పాత నల్గొండ జిల్లా నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అయ్యింది. పాత మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా విడిపోయింది. పాత జిల్లాలోని కొన్ని మండలాలు పక్క జిల్లాలకు పోయాయి. షాద్‌నగర్, ఆమనగల్లు ఇప్పుడు రంగారెడ్డిలో ఉన్నాయి, కొడంగల్ వికారాబాద్‌లో ఉంది.

దీంతో సెర్చ్‌లో ఒక నియమం పాటించాలి. 2016కు ముందు కాగితమో వార్తో జనాభా లెక్కో కావాలంటే పాత జిల్లా పేరుతో వెతకండి. 2011 జనాభా లెక్కల్లో సూర్యాపేట జిల్లా అనే మాటే ఉండదు, ఆ ఊళ్లన్నీ నల్గొండ కిందే ఉంటాయి. ఆ తర్వాతి సంగతి కావాలంటే కొత్త జిల్లా పేరు వాడాలి. కల్వకుర్తి రైతు జిల్లా జాబితాలో మహబూబ్‌నగర్ ఎంచుకుంటే తన మండలం కనిపించదు, నాగర్‌కర్నూల్ ఎంచుకోవాలి. ‘మా మండలమే ఎక్కించలేదు’ అని కోపం తెచ్చుకునే ముందు ఒకసారి ఇది చూసుకోండి.

ఆఫీసుల పేర్లకు కూడా ఇదే వర్తిస్తుంది. 2024లో తెలంగాణకు వాడే పొట్టి పేరు టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఇప్పటి టీజీపీఎస్సీ (రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్) నోటిఫికేషన్ కావాలంటే ఆ పేరుతో, 2022లో పడ్డ గ్రూప్ 1 నోటిఫికేషన్ కావాలంటే టీఎస్‌పీఎస్సీ పేరుతో వెతకాలి. 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. భూముల మీద పాత జీవోలు, పాత వార్తలు అన్నీ ధరణి పేరు మీదే ఉంటాయి.

ఒకే పేరు, వేరే సంగతి: పిల్లలమర్రితో చేసి చూద్దాం

మహబూబ్‌నగర్ పిల్లల స్కూలు ప్రాజెక్టు అనుకోండి. తెలుగు వికీపీడియా తెరిచి పిల్లలమర్రి అని కొడతారు. పిల్లలమర్రి అంటే మహబూబ్‌నగర్ దగ్గరి పెద్ద మర్రిచెట్టు. పిల్లలమర్రి అంటే సూర్యాపేట దగ్గర కాకతీయుల కాలం గుళ్లున్న ఊరు కూడా. పైగా అది ఇంటిపేరు. పిల్లలమర్రి పినవీరభద్రుడు అనే పాతకాలం కవి ఉన్నాడు. సెర్చ్ బాక్సుకు ఇవన్నీ ఒకటే మాట.

వికీపీడియాలో పేరు కొట్టి వెంటనే ఎంటర్ నొక్కితే, ఆ పేరుతో సరిగ్గా ఒక పేజీ ఉంటే నేరుగా దాంట్లోకే తీసుకుపోతుంది. మీకు కావాల్సింది అదే అయితే మంచిదే. కాకపోతే వెనక్కి రండి. పేరు టైప్ చేస్తున్నప్పుడు కింద సూచనల జాబితా దిగుతుంది, దాని అట్టడుగున ఆ మాట ఉన్న పేజీలన్నీ వెతకమనే వరస ఒకటుంటుంది. దాన్ని నొక్కండి. ఇప్పుడు పేజీల వరస వస్తుంది.

చెట్టు కావాలంటే రెండో మాట చేర్చండి: పిల్లలమర్రి మర్రిచెట్టు. గుళ్లు కావాలంటే: పిల్లలమర్రి ఎరకేశ్వర. రెండో మాటగా ఏది ఎంచుకున్నారన్నదే అసలు కీలకం. ‘చరిత్ర’, ‘విశేషాలు’, ‘సమాచారం’ లాంటివి ప్రతి పేజీలోనూ ఉంటాయి, వాటితో ఏమీ వడకట్టలేరు. ఆ ఒక్క సంగతికే చెందిన అరుదైన మాట ఇవ్వాలి. మన మర్రిచెట్టుకు చెదలు పట్టి కొమ్మలు విరిగిపడితే 2018లో సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కించారు. ఆ కథ కావాలంటే ‘పిల్లలమర్రి సెలైన్’ అని కొట్టండి. చెట్టుకు సెలైన్ అన్న మాట వేరేచోట అరుదుగా వస్తుంది కాబట్టి గూగుల్‌లో అయినా, వార్తల సైట్‌లో అయినా వెంటనే పైకి తేలుతుంది.

అక్కర్లేనిదాన్ని తీసేయాలంటే ఆ మాట ముందు మైనస్ గుర్తు పెట్టాలి: పిల్లలమర్రి -సూర్యాపేట. మైనస్‌కు ముందు ఖాళీ ఉండాలి, మైనస్‌కూ మాటకూ మధ్య ఖాళీ ఉండకూడదు. రెండు మాటలు పక్కపక్కనే ఉన్న పేజీలే కావాలంటే కోట్ మార్కుల మధ్య రాయాలి: "పచ్చల సోమేశ్వర". ఇంగ్లీషు కీబోర్డులోని నిలువు కోట్ మార్కులు వాడితే మంచిది. గూగుల్‌లో, వికీపీడియాలో ఇవి పనిచేస్తాయి. చిన్న సైట్ల సెర్చ్ బాక్సులకు మాత్రం ఈ గుర్తులు తెలియకపోవచ్చు. అక్కడ ఫలితాలు తేడాగా వస్తే గుర్తులు తీసేసి మళ్లీ చూడండి.

పచ్చల సోమేశ్వరాలయం ఉన్న పానగల్లు నల్గొండ పక్కనే ఉంది. వనపర్తి జిల్లాలో కోట ఉన్న పానగల్ వేరే, అది మండల కేంద్రం. ఈ రెంటికీ కూడా పిల్లలమర్రి పద్ధతే. ఒకదానికి సోమేశ్వర, ఇంకోదానికి వనపర్తి చేర్చి వెతకండి.

మనుషుల పేర్లలో ఖాళీల గొడవ ఉంటుంది. సురవరం ప్రతాపరెడ్డి అని ఒకరు, ప్రతాప రెడ్డి అని విడదీసి ఇంకొకరు రాస్తారు. ఆయన పేరులో మారనిది సురవరం. ఆ ఒక్కటీ కొడితే రెండు రకాల పేజీలూ వస్తాయి.

మన మాట, పుస్తకం మాట

పంటల సంగతి వెతికే రైతులకు ఇది ముఖ్యం. మనం మక్కలు అంటాం, వ్యవసాయ సైట్లలో మొక్కజొన్న అని ఉంటుంది. మనకు పల్లీ, అక్కడ వేరుశనగ. తైదలు అని వెతికితే దొరకకపోవచ్చు, రాగి అని కొట్టాలి. నల్గొండ బత్తాయి తోటల వాళ్లు తెగుళ్ల గురించి చూసేటప్పుడు బత్తాయితో పాటు చీనీ అని కూడా వెతకండి. రాయలసీమలో దాన్ని చీనీ అంటారు, అనంతపురం వైపు రైతుల కోసం రాసిన మంచి పాఠాలు ఆ పేరుతో ఉంటాయి. చెట్టు ఒకటే, తెగులూ ఒకటే.

మన మాట వదిలేయమని కాదు నేను చెప్పేది. పాలమూరు పల్లెల కథలు, వంటలు, పాటలు వెతికేటప్పుడు తైదలు, ఎల్లిగడ్డ, ఆనిగెపుకాయ అనే కొట్టాలి. రాగి, వెల్లుల్లి, సొరకాయ అని కొడితే ఎక్కడెక్కడివో వస్తాయి, మనవి రావు. రాసింది ఎవరు, ఎవరి కోసం రాశారు అన్నదాన్ని బట్టి మాట మారుతుంది.

ప్రభుత్వ కాగితాల్లో ఇంకో మెట్టు ఉంది. చాలా జీవోలు, టెండర్లు, నోటిఫికేషన్లు ఇంగ్లీషులోనే ఉంటాయి. జిల్లా సైటుకు తెలుగు వెర్షన్ ఉన్నా, ఇంగ్లీషులో పెట్టిన ప్రకటన తెలుగు వైపు దొరకకపోవచ్చు. తెలుగులో రాకపోతే పైన భాష మార్చే మీట నొక్కి, ఇంగ్లీషు మాటతో మళ్లీ వెతకండి. ఇంగ్లీషు టైపింగ్ కష్టమనుకుంటే మైకు గుర్తు నొక్కి నోటితో చెప్పినా రాసుకుంటుంది.

జిల్లా సైట్లలో నేనైతే సెర్చ్ బాక్సు కంటే మెనూనే నమ్ముతాను. నోటీసుల విభాగంలో ప్రకటనలు, నియామకాలు, టెండర్లు వేర్వేరుగా ఉంటాయి, తేదీలతో సహా కనిపిస్తాయి. గడువు తీరిన నోటీసు అక్కడి నుంచి తీసేసి ఆర్కైవ్‌లోకి పంపిస్తారు. ‘నిన్నటిదాకా ఉంది, ఇవాళ పీకేశారు’ అనుకునేవి ఎక్కువగా అక్కడే ఉంటాయి. ఆ పేజీ కిందనో పక్కనో ఆర్కైవ్ లింకు కోసం చూడండి.

సైటు సెర్చ్ పనిచేయకపోతే గూగుల్‌ను ఆ సైటులోకి పంపండి

కొన్ని సైట్లలో సెర్చ్ బాక్సు ఉంటుంది, పని మాత్రం చేయదు. కొన్నింట్లో అసలు ఉండదు. అప్పుడు గూగుల్‌కు వెళ్లి, ఈ ఒక్క సైటులోనే వెతుకు అని చెప్పొచ్చు. చేయాల్సింది ఇది. ముందు వెతకాల్సిన మాట టైప్ చేయండి. ఒక ఖాళీ వదిలి, సైట్ అన్న మాటను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఎస్, ఐ, టి, ఇ అని కొట్టి, వెంటనే కోలన్ గుర్తు పెట్టండి. కోలన్ తర్వాత ఖాళీ లేకుండా ఆ వెబ్‌సైట్ అడ్రస్ రాయండి. నల్గొండ జిల్లా సైటుకైతే నల్గొండ డాట్ తెలంగాణ డాట్ జీఓవీ డాట్ ఇన్, ఇంగ్లీషు అక్షరాల్లో.

ఇక్కడ తప్పు జరిగేది ఖాళీల దగ్గరే. కోలన్‌కు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. అన్ని శాఖలూ కలిపి వెతకాలంటే జిల్లా పేరు తీసేసి తెలంగాణ డాట్ జీఓవీ డాట్ ఇన్ అని మాత్రమే రాయండి, ఆ అడ్రస్‌తో ముగిసే సైట్లన్నీ ఒక్కసారే వస్తాయి. నిన్న మొన్న పెట్టిన కాగితం మాత్రం ఇలా దొరకకపోవచ్చు, గూగుల్ ఆ పేజీని ఇంకా చూసి ఉండదు. దానికి సైటు మెనూయే గతి. ఫలితాలు వచ్చాక ‘టూల్స్’ నొక్కి తేదీలు పరిమితం చేసుకోవచ్చు. పోయిన ఏడాది నోటిఫికేషన్ చూసి ఈ ఏడాదిది అనుకుని పరుగెత్తకుండా ఉండాలంటే ఈ తేదీల పని అలవాటు చేసుకోవాలి.

పెట్టెలు నింపే సెర్చ్: భూమి, ఓటు

భూభారతిలో, ఓటరు జాబితాలో ఉండేది వేరే రకం. భూభారతిలో జిల్లా, మండలం, గ్రామం ఒకదాని తర్వాత ఒకటి ఎంచుకుంటూ పోవాలి. ఒకటి ఎంచుకున్నాక రెండోది నిండడానికి కొంచెం టైమ్ పడుతుంది, తొందరపడి నొక్కితే మళ్లీ మొదటికొస్తుంది. సర్వే నంబరు దగ్గర ముందు అసలు నంబరు మాత్రమే ఇచ్చి, దాని పక్కన గీత పెట్టి రాసే బై నంబర్లను వచ్చిన జాబితాలోంచి ఎంచుకోవడం మేలు. మన భూములకు అ, ఆ, ఇ అని తెలుగు అక్షరాల బైలు ఉంటాయి. పాస్‌బుక్కులో ఒకలా, సైట్‌లో ఒకలా కనిపించవచ్చు. పాస్‌బుక్ చేతిలో ఉంటే టి అక్షరంతో మొదలయ్యే ఆ నంబరుతోనే వెతకండి, పేరు జోలికే పోవద్దు.

ఓటరు జాబితాకూ అంతే. ఎన్నికల సంఘం సైట్‌లో వివరాలతోనో, ఓటరు కార్డు నంబరుతోనో, మొబైల్ నంబరుతోనో వెతకొచ్చు. కార్డు ఉంటే నంబరే వాడండి. పేరుతో వెతికితే మీ పేరు, నాన్న పేరు కార్డులో పడ్డ స్పెల్లింగుతో కలవాలి, వయసు కలవాలి. పేరుతో తప్ప దారి లేకపోతే తప్పనిసరి పెట్టెలు మాత్రమే నింపి మిగతావి ఖాళీగా వదలండి. నింపిన ప్రతి పెట్టే ఇంకో షరతు అవుతుంది, ఒక్కటి తప్పినా మీ పేరు రాదు.

కంటికి కనిపిస్తుంది, సెర్చ్‌కు కనిపించదు

పీడీఎఫ్ తెరిచారు. అందులో మీ ఊరి పేరు కళ్లముందే ఉంది. వెతికితే మాత్రం సున్నా. దీనికి రెండు కారణాలుంటాయి. ఒకటి, అది కాగితాన్ని స్కాన్ చేసిన ఫొటో. 1926లో మొదలైన గోలకొండ పత్రిక లాంటి పాత పత్రికల స్కాన్లు, సంతకం పెట్టి స్కాన్ చేసిన ఆఫీసు ఆర్డర్లు ఈ రకం. రెండోది, ‘అను’ లాంటి పాత ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు. తెర మీద తెలుగులా కనిపిస్తుంది, లోపల మాత్రం వేరే గుర్తులుంటాయి.

తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఆ పీడీఎఫ్‌లో ఒక మాట మీద వేలు నొక్కిపట్టండి. మాట ఎంపిక కాకపోతే అది ఫొటో. ఎంపికైతే కాపీ చేసి వాట్సాప్‌లో ఎక్కడైనా పేస్ట్ చేయండి. సరైన తెలుగు వస్తే సెర్చ్ పనిచేస్తుంది. పిచ్చి గుర్తులు వస్తే పాత ఫాంటు అని అర్థం. అప్పుడు తెలుగు మాటలతో వెతకడం మానేసి, తేదీ, జీవో నంబరు, సర్వే నంబరు వంటి అంకెలతో వెతికి చూడండి. అంకెలు చాలాసార్లు మామూలుగానే ఉంటాయి. ఫొటో అయితే ఆ పేజీని గూగుల్ లెన్స్‌తో చదివించొచ్చు, ఒకటి రెండు పేజీల వరకు అది బాగానే సాయపడుతుంది.

నొక్కే ముందు అడ్రస్ చదవండి

పట్టాదార్ పాస్‌బుక్, ఉద్యోగాలు, స్కాలర్‌షిప్ అని గూగుల్‌లో వెతికితే అన్నిటికంటే పైన ప్రకటనలు రావచ్చు. వాటి మీద ‘స్పాన్సర్డ్’ అని చిన్నగా ఉంటుంది. అసలు సైటు పేరును పోలిన పేర్లతో డబ్బులు గుంజేవి కూడా ఉంటాయి. ప్రభుత్వ శాఖల అడ్రస్‌లు ఎక్కువగా జీఓవీ డాట్ ఇన్‌తోనో ఎన్ఐసీ డాట్ ఇన్‌తోనో ముగుస్తాయి. అలా లేనిచోట ఆధార్ నంబరు, ఓటీపీ ఇవ్వొద్దు, ఫీజు కట్టొద్దు. ఇది ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లకు నేర్పండి. పైన వచ్చిందే అసలుది అని వాళ్లు నమ్మేస్తారు.

సరైన పేజీ దొరికిందంటే మళ్లీ వెతికే పని పెట్టుకోవద్దు. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి నక్షత్రం గుర్తు నొక్కితే బుక్‌మార్క్ అవుతుంది. అదే మెనూలో ‘హోమ్ స్క్రీన్‌కు జోడించు’ ఎంచుకుంటే ఆ పేజీ ఒక యాప్‌లా ఫోన్ మీద నిలబడుతుంది. నోటిఫికేషన్ పీడీఎఫ్ అయితే లింకును నమ్ముకోకుండా ఫైలునే డౌన్‌లోడ్ చేసుకోండి, గడువు దాటితే లింకు మారిపోవచ్చు. డౌన్‌లోడ్ అయ్యాక ఫైలు పేరు మార్చండి. సైట్లు ఇచ్చే పేర్లు అర్థంపర్థం లేని అంకెలు. ‘అంగన్‌వాడీ నల్గొండ’ అని, పక్కన నెల, సంవత్సరం వేసి పెట్టుకుంటే, రేపు మీ ఫోన్‌లోనే దాన్ని వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు ఒక్క మాటతో దొరుకుతుంది.